ఎంత రాయమంటారు మేడమ్?

సంపాదకులకు,

అయ్యా,

ముప్పై ఒక్క ఏళ్లు ట్రెజరీలో పనిచేశాను. ఎందరి బిల్లులకో ఆబ్జెక్షన్ రాసి తిప్పి పంపినదాన్ని. ఈ జనవరిలో మా ఇంటి బిల్లుకే ఆబ్జెక్షన్ వచ్చింది. రాసింది అమెరికాలో ఎవరో గుమాస్తా. చదివాక ఆయన మీదో ఆమె మీదో నాకు కోపం రాలేదు. ఆ సీట్లో నేనున్నా అదే రాసేదాన్ని. కోపం వచ్చింది మన ఊరి కళ్లద్దాల అంగళ్ల మీద. అందుకే ఈ ఉత్తరం.

మా అమ్మాయి డల్లాస్‌లో ఉద్యోగం చేస్తుంది. పోయిన డిసెంబరు 14న అల్లుణ్ని, మనవణ్ని తీసుకుని మూడు వారాలకు కర్నూలు వచ్చింది. వచ్చిన నాలుగో రోజు పొద్దున కాఫీ తాగుతూ, "అమ్మా, మన ఊళ్లో మంచి కళ్లద్దాల షాపు ఎక్కడుంది? ఈ నెలాఖరులోపు అద్దాలు చేయించుకోకపోతే నా డబ్బు పోతుంది" అంది. డబ్బు పోవడమేమిటే అని అడిగితే అప్పుడు చెప్పింది ఈ ఫ్లెక్సిబుల్ స్పెండింగ్ అకౌంట్ సంగతి. వాళ్లు ఎఫ్ఎస్ఏ అంటారు.

మన ఊరి నుంచి అమెరికా వెళ్లిన పిల్లలు ఇప్పుడు వీధికి ఇద్దరు ముగ్గురున్నారు కాబట్టి, నాకు అర్థమైనంత వరకు ఇక్కడ రాస్తాను. ఏడాది మొదలుకాక ముందే ఉద్యోగి తన కంపెనీకి ఒక అంకె చెప్పాలి, వచ్చే ఏడాది నా ఇంటి వైద్యం ఖర్చులకు ఇంత పక్కన పెట్టండి అని. 2025కి ఒకరు గరిష్ఠంగా 3,300 డాలర్ల దాకా చెప్పుకోవచ్చు, 2026కి 3,400. ఆ డబ్బు ప్రతి జీతంలో కొంత కొంత కోస్తారు, కానీ పన్ను వేయకముందే కోస్తారు. మా అమ్మాయి జీతానికి ఆదాయపు పన్ను 22 శాతం పడుతుంది. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ అని మరో 7.65 శాతం. అంటే వంద డాలర్ల అద్దాలు ఈ ఖాతా నుంచి కొంటే దాదాపు ముప్పై డాలర్లు మిగిలినట్టే. తనకే కాదు, భర్తకు, పిల్లలకు కూడా వాడుకోవచ్చు. మొత్తం ఏడాదికి చెప్పిన డబ్బు జనవరి 1నే వాడేసుకోవచ్చట, కోత మాత్రం ఏడాది పొడుగునా. నాకు వెంటనే మన పండగ అడ్వాన్సు గుర్తొచ్చింది. దసరాకు చేతికి మొత్తం వచ్చేది, తర్వాత పది నెలలు జీతంలో కోసేవాళ్లు.

ఇంతవరకు బాగానే ఉంది. చిక్కంతా డిసెంబరు 31తో. ఆ తేదీలోపు ఖర్చు పెట్టని డబ్బు ఉద్యోగికి తిరిగి రాదు. కంపెనీ ఇష్టపడితే 660 డాలర్ల వరకు 2026లోకి తీసుకుపోనివ్వచ్చు, లేదా ఖర్చు పెట్టుకోవడానికి మార్చి 15 దాకా రెండున్నర నెలలు ఎక్కువ ఇవ్వచ్చు. రెండూ కలిపి ఇవ్వకూడదు, అసలు ఏదీ ఇవ్వకపోయినా అడిగేవాడు లేడు. మా అమ్మాయి కంపెనీ ఏదీ ఇవ్వలేదు. అయిన ఖర్చుకు బిల్లులు పెట్టుకోవడానికి మాత్రం మార్చి 31 వరకు గడువిచ్చింది.

నేను నవ్వాపుకోలేకపోయాను. "ఇదేదో మన మార్చి 31 మాదిరే ఉందే" అన్నాను. సర్కారు బిల్లులన్నీ ఆన్‌లైన్ చేసిన సీఎఫ్ఎంఎస్ రాకముందు, కాగితం బిల్లుల కాలంలో, మార్చి 31 రాత్రి మా ఆఫీసు చూసినవాళ్లకు తెలుస్తుంది. బడ్జెట్ ల్యాప్స్ అయిపోతుందని అన్ని శాఖల గుమాస్తాలు బిల్లులు చంకన పెట్టుకుని వరండాలో నిలబడేవాళ్లు. అర్ధరాత్రి దాకా టోకెన్లు. ఏడాదంతా కొనని కుర్చీలు, బీరువాలు ఆ ఒక్క రోజే కొనేవాళ్లు. అమెరికాలో డిసెంబరు నెలాఖరున కళ్లద్దాల షాపులకు ఇలాగే ఎగబడతారని అమ్మాయి చెబితే, మనిషి బుద్ధి ఎక్కడైనా ఒకటే అనుకున్నాను.

అమ్మాయి 2025కి 800 డాలర్లు చెప్పుకుంది. కాంటాక్ట్ లెన్సులకు, పంటి డాక్టరుకు, మనవడికి ఒక జత అద్దాలకు పోగా 190 మిగిలాయి. అక్కడ షాపులో ఆ ఖాతా కార్డు గీకితే సరిపోతుంది. ఇక్కడైతే మన జేబులోంచి ఇచ్చి, బిల్లు పంపించి తెప్పించుకోవాలి. ఇంకో దేశంలో చూపించుకున్నా చెల్లుతుంది, అక్కడి ఆదాయపు పన్ను శాఖే ఒప్పుకుంది. ఇక్కడి నుంచి పట్టుకుపోయే మందులకు మాత్రం ఆ వెసులుబాటు లేదు. కంటి పరీక్ష, పవరున్న అద్దాలు, పవరున్న కూలింగ్ గ్లాసులు, కాంటాక్ట్ లెన్సులు, వాటిని కడిగే ద్రవం, చివరికి చూపు సరిచేసే లేజర్ ఆపరేషన్ కూడా ఖాతాలో పెట్టుకోవచ్చు. పవరు లేని ఉత్త కూలింగ్ గ్లాసులకు చెల్లదు. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో దీని పని పడుతుంది.

మనవడికి పదకొండేళ్లు, మైనస్ రెండున్నర. వచ్చిన రెండో రోజే సి.క్యాంపు క్వార్టర్స్ దగ్గర పిల్లలతో క్రికెట్ ఆడి అద్దాల కాలు విరగ్గొట్టుకున్నాడు. కాబట్టి అవసరం కూడా నిజమే. అమ్మాయినీ వాణ్నీ ఒక కంటి ఆసుపత్రిలో చూపించాం. ఓపీ మనిషికి 300. చిన్న రసీదే, కానీ దాని మీద పేరు, వయసు, తేదీ, "కంటి పరీక్ష" అన్న మాట, స్టాంపు ఉన్నాయి. ఆ రెండు రసీదులూ అమెరికాలో మారు మాట లేకుండా పాసయ్యాయి.

డిసెంబరు 19, శుక్రవారం, అద్దాల అంగడికి వెళ్లాం. పేరు రాయను. తప్పు ఆ ఒక్కరిదే అయితే పత్రికకెక్కే పనే లేదు. అమ్మాయికి ఒక జత 4,400, మనవడికి పాలీకార్బొనేట్ లెన్సుతో 4,300, అమ్మాయికే పవరు కూలింగ్ గ్లాసులు 4,300. అల్లుడు అద్దంలో చూసుకుని ముచ్చటపడి ఉత్త కూలింగ్ గ్లాసులు ఒకటి తీసుకున్నాడు, 1,200. మొత్తం 14,200, ఫోన్‌పే చేశాం. సోమవారం డెలివరీ. పని మాత్రం శుభ్రంగా చేశాడు, ఆ మాట చెప్పాలి. మనవడికి ముక్కు దగ్గర ప్యాడ్ నాలుగుసార్లు సరిచేసి పంపాడు. అమెరికాలో ఇంతకు రెండింతలు ఇచ్చినా ఇంత ఓపిక చూపరని అల్లుడే అన్నాడు.

బిల్లు అడిగితే కౌంటర్ కుర్రోడు అరచేయంత చీటీ చింపి ఇచ్చాడు. పైన "ఎస్టిమేట్" అని అచ్చు. కింద బాల్ పెన్నుతో "4 పీసెస్ – 14,200". అంతే. తేదీ లేదు, ఎవరివో లేదు, ఏమిటో లేదు. అది అద్దాలదా అరటిపళ్లదా అని అడిగితే చెప్పలేం. అమ్మాయి హడావిడిలో దాన్నే పర్సులో పెట్టుకుంది. నేనూ పక్కనే ఉన్నాను. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసు ఉండి కూడా ఆ చీటీని నేను చూడలేదు. అది నా తప్పే.

జనవరి 4న తిరుగు ప్రయాణం, ఇరవై రోజులకల్లా ఆబ్జెక్షన్. పేషెంటు పేరు లేదు, సేవ పొందిన తేదీ లేదు, వస్తువుల వివరం లేదు, అమ్మినవారి పేరు లేదు, కనుక తిరస్కరించడమైనది. డబ్బు కట్టినట్టు ఫోన్‌పే స్క్రీన్ షాట్ పెట్టింది కదా అంటే, అది డబ్బు పోయిందని చెబుతుంది గానీ దేనికి పోయిందో చెప్పదు. పైగా ఆ 14,200లో అల్లుడి 1,200 కూడా కలిసి ఉంది. విడివిడిగా రాయని బిల్లును పాస్ చేస్తే చెల్లని దానికీ డబ్బిచ్చినట్టే. నేను ఆ ఆబ్జెక్షన్ రెండుసార్లు చదివాను. కామా కూడా పీకడానికి లేదు.

సరే, అమ్మాయి అక్కడ, అంగడి ఇక్కడ. పని నా మీద పడింది. సి.క్యాంపు నుంచి కొండారెడ్డి బురుజు దాకా షేర్ ఆటో, అక్కడి నుంచి నడక. ఫిబ్రవరిలో మూడుసార్లు తిరిగాను.

మొదటిసారి ఓనరు లేడు. కుర్రోడు, "బిల్లు కావాలంటే 18 శాతం జీఎస్టీ పడుతుంది మేడమ్, మీకే నష్టం" అన్నాడు. పవరున్న అద్దాల మీద పన్ను పోయిన సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. ఉత్త కూలింగ్ గ్లాసులకు తప్ప 18 లేదు. ఆ మాట చెబితే కుర్రోడు బిత్తరపోయాడు. ఫ్రేము వెనక స్టిక్కర్ మీద "అన్ని పన్నులతో కలిపి" అని అచ్చయి ఉంది, దాన్నీ చూపించాను. పన్ను కలిపిన ధర నా దగ్గర తీసుకుని, బిల్లు రాస్తే మళ్లీ పన్ను అడగడం ఏ లెక్క? పన్ను తగ్గిన సంగతి కొనేవాళ్లకు చేరిందో లేదో తెలుసుకోవడానికి కూడా బిల్లు తప్ప ఇంకో దారి లేదు కదా.

రెండోసారి ఓనరు దొరికాడు. మర్యాదస్తుడు, కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. విషయం విన్నాడు. "ఓ, అమెరికా క్లెయిమా మేడమ్? ముందే చెప్పాల్సింది. దానికేముంది" అంటూ సొరుగులోంచి కొత్త బిల్లు పుస్తకం తీసి, పెన్ను క్యాప్ తీసి, నా మొహంలోకి చూసి అన్నాడు: "ఎంత రాయమంటారు మేడమ్?"

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. "మీరు తీసుకున్నంత రాయండి" అన్నాను. "అది కాదు, డాలర్లలో వస్తుంది కదా, ముప్పై వేలు రాసినా పర్వాలేదు. తేదీ ఏది కావాలంటే అది వేస్తా" అన్నాడు. దురుద్దేశంతో కాదు, నాకు సాయం చేస్తున్నాననే అనుకున్నాడు పాపం. అసలు బిల్లు అడిగితే నెల రోజులుగా లేనిది, దొంగ బిల్లయితే ఒక్క నిమిషంలో, ఎంత కావాలంటే అంత! టీ గ్లాసు బల్ల మీద పెట్టి లేచి వచ్చేశాను.

ఆయన్ను పూర్తిగా తప్పు పట్టలేను కూడా. ఈ అలవాటు మనం చేసిందే. ప్రైవేటు ఉద్యోగులకు ఒకప్పుడు ఏడాదికి 15,000 వరకు మెడికల్ బిల్లుల మీద పన్ను మినహాయింపు ఉండేది. 2018 బడ్జెట్‌లో దాన్నీ, రవాణా భత్యం మినహాయింపునూ తీసేసి, వాటి బదులు బిల్లులు అక్కర్లేని 40,000 స్టాండర్డ్ డిడక్షన్ తెచ్చారు. తీసేయక ముందు ఫిబ్రవరి, మార్చి వస్తే మందుల షాపుల దగ్గర ఏం జరిగేదో అందరికీ తెలుసు. జలుబు కూడా రాని ఇంటికి పదిహేను వేల మందుల బిల్లు! మా సర్కారు రీయింబర్స్‌మెంట్లలోనూ, ఈ మందులు అవసరమేనని డాక్టరు రాసిచ్చే ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్ వెనక ఎలాంటి బిల్లులు వచ్చేవో నేను చూశాను. బిల్లంటే జరిగినదానికి సాక్ష్యం అనే ఊహ పోయి, అడిగినవాళ్లకు చేసిపెట్టే సాయం అయిపోయింది.

మూడోసారి వెళ్లింది ఫిబ్రవరి 18న. ఈసారి కోపం ఇంట్లో పెట్టి వెళ్లాను. ఓనరు లేని వేళ చూసుకుని కుర్రోణ్ని అడిగాను: "నాయనా, మీరు ఆర్డరు దేంట్లో రాసుకుంటారు?" వాడు కౌంటర్ కింది నుంచి పొడుగాటి రిజిస్టరు తీశాడు. డిసెంబరు 19 పేజీ. అన్నీ ఉన్నాయి! అమ్మాయి పేరు, మనవడి పేరు, కుడి కన్ను ఎడమ కన్ను పవర్లు, ఫ్రేము నంబరు, లెన్సు రకం, ఒక్కోదాని ధర, అల్లుడి కూలింగ్ గ్లాసు విడిగా, డెలివరీ 22 అని టిక్కు. చేతిరాత ముత్యాల్లా ఉంది. ఇంత చక్కగా రాసి పెట్టుకున్నదాన్ని కొన్నవాళ్లకు ఇవ్వడానికి ఏమడ్డం వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

"దీన్నే బిల్లు మీద ఎక్కించు. తేదీ ఈ రోజుదే వెయ్యి, వెనకటి తేదీ వద్దు. ఆర్డరు ఫలానా రోజు, డెలివరీ ఫలానా రోజు అని కింద రాయి" అన్నాను. పావుగంటలో అయింది. మా అమ్మాయికి చెల్లాల్సిన 13,000 ఒక బిల్లు, అల్లుడి 1,200 ఇంకో బిల్లు. రాత్రికి ఫోటో తీసి పంపితే వారం తిరక్కుండా పాసయింది. డాలరు 90 రూపాయల లెక్కన 144 డాలర్లు. ఓపీ రసీదుల ఆరు డాలర్ల చిల్లర ముందే వచ్చింది. మిగిలిన 39 మురిగిపోయాయి. వచ్చే ఏడాదికి 600 చాలంటోంది, తెలివి వచ్చింది.

అమెరికా పిల్లల డాలర్ల గొడవ మాకెందుకు అని పాఠకులు అనుకోవచ్చు. మా పక్కింటి అబ్బాయి హైదరాబాద్ కంపెనీకి ఇక్కడే ఇంట్లో కూర్చుని పనిచేస్తాడు. వాళ్ల కంపెనీ ఓపీడీ ఖర్చులకు, అంటే ఆసుపత్రిలో చేరకుండా చూపించుకునే వాటికి, ఏటా కొంత ఇస్తుంది, అందులో అద్దాలు కూడా ఉన్నాయి. వాడిదీ ఇదే కథ, "ఎస్టిమేట్" చీటీ, తిరస్కారం. వాడు విసుగొచ్చి వదిలేశాడు. మామూలు ఆరోగ్య బీమాలో శుక్లాల ఆపరేషన్ వస్తుంది గానీ అద్దాలు సాధారణంగా రావు. ఆ కాస్త ఖర్చు వెనక్కి వచ్చే దారి ఎవరికైనా ఉందంటే అది బిల్లు మీదే ఆధారపడి ఉంది. పాత పద్ధతిలో ఆదాయపు పన్ను రిటర్ను వేసే అరవై దాటినవాళ్లకు, బీమా లేకపోతే, వైద్యం ఖర్చు 50,000 దాకా ఆదాయంలోంచి తగ్గించుకునే వీలుంది. నగదు ఇస్తే కుదరదు, కాబట్టి కట్టిన దానికి రుజువుండాలి. నాలాంటి పింఛనుదారులు ఈ ఊళ్లో ఎంతమంది లేరు?

పేదలకు ఈ బాధ లేదనుకోండి. 2020 ఫిబ్రవరి 18న మన కర్నూల్లోనే అవ్వా తాతలకు కంటి వెలుగు మొదలుపెట్టారు, మా అత్తమ్మకు అప్పుడే పరీక్ష చేసి అద్దాలిచ్చారు. సర్కారు ప్రాంతీయ కంటి ఆసుపత్రిలో నా చీటీ మీద పేరు, వయసు, నంబరు, తేదీ అన్నీ ఉంటాయి. పైసా తీసుకోని చోట కాగితం సరిగా ఇస్తారు, పద్నాలుగు వేలు తీసుకున్న చోట "4 పీసెస్".

అంగళ్ల వాళ్లకు చెప్పేదొకటే. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారి 200 రూపాయలు దాటిన అమ్మకానికి బిల్లు ఇవ్వాల్సిందే. బిల్లు 50,000 లోపైనా కొనేవాళ్లు అడిగితే పేరు, చిరునామా అందులో రాయాలి. బిల్లు ఇవ్వకపోవడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపారం కిందే లెక్కకట్టింది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు. నేను చేయలేదు. ఆ కుర్రోడి చేతిరాత చూశాక మనసు రాలేదు. కానీ వాణిజ్య పన్నుల శాఖ వాళ్లు పెద్ద గోడౌన్లు తనిఖీ చేసే తీరికలో ఒక పూట అద్దాల అంగళ్లలో కూర్చుని, బయటికి వచ్చేవాళ్ల చేతిలో ఏం కాగితం ఉందో చూస్తే బాగుంటుంది.

పిల్లలు అమెరికా నుంచి వచ్చి ఇక్కడ అద్దాలు చేయించుకునే వాళ్లుంటే, అంగట్లోంచి బయటికి రాకముందే బిల్లు మీద ఎవరి పేరు, ఏ తేదీ, ఏ వస్తువు, ఒక్కోదానికి ఎంత అన్నది చూసుకోమనండి. తల్లి బిల్లు తల్లికి, బిడ్డ బిల్లు బిడ్డకు విడిగా రాయించుకోవడం ఇంకా మేలు. పవరు చీటీ కూడా జత చేసుకుంటే అడిగినప్పుడు వెతుక్కోనక్కర్లేదు.

పోయిన వారం మా ఆయన అద్దాలకు కొత్త ఫ్రేము కావాల్సి వచ్చి, ఇద్దరం అదే అంగడికి వెళ్లాం. 950. కుర్రోడు నన్ను చూడగానే అడక్కముందే బిల్లు పుస్తకం తీసి, "సార్ పేరు చెప్పండి మేడమ్" అన్నాడు. రాసిచ్చాడు, సంతకం పెట్టాడు. నేను దాన్ని మడిచి బ్యాగులో పెట్టుకుంటుంటే, మా వెనక నిలబడ్డ పల్లెటూరి పెద్దాయన రెండు వేల చిల్లర లెక్కపెట్టి ఇచ్చాడు. ఆయనకు "ఎస్టిమేట్" చీటీ చింపి ఇచ్చాడు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ట్రెజరీ ఉద్యోగిని,
సి.క్యాంపు, కర్నూలు